పాత పెట్టెల పలుకు



మార్కాపురం బస్టాండులో దిగి "ఇక్కడ మిక్సింగ్ ఎక్కడ చేస్తారండీ?" అని అడిగి చూడండి. నేరుగా పెళ్లి వీడియోలు చేసే కొట్టుకి దారి చూపిస్తారు. మన వైపు మిక్సింగ్ అంటే అదే. పెళ్లికూతురి మీద గులాబీ రేకులు రాలడం, తమలపాకులో పెళ్లికొడుకు మొహం తేలడం, వెనకాల ఒక సినిమా పాట. ఈ పూట నేను మాట్లాడేది ఆ మిక్సింగ్ గురించి కాదు. గొంతు, డప్పు, హార్మోనియం, కీబోర్డు వేటికవి రికార్డు చేసుకున్నాక, దేన్ని ఎంత వినిపించాలి, ఏది ముందుండాలి, ఏది వెనక్కి జరగాలి అని తూచి తూచి ఒక్క పాటగా కలిపే పని గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఆ పనికి కావలసిన స్పీకర్లను పాతవి కొనుక్కోవడం గురించి.

గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం, దోర్నాల, ఎక్కడికి వెళ్లినా ఇప్పుడు మేడ మీద గదిలోనో, వెనక వసారాలోనో పాటలు రికార్డు చేసుకునే కుర్రాళ్లు కనిపిస్తున్నారు. డిసెంబరు దగ్గర పడితే క్రిస్మస్ పాటలు, కార్తీకం వస్తే అయ్యప్ప భజనలు, మధ్యలో యూట్యూబులో పెట్టుకునే జానపదాలు, తిరనాళ్లకు డీజే పాటలు. లాప్‌టాప్ ఎలాగో సమకూరుతుంది. మైకు కొంటారు, చిన్న సౌండ్ కార్డు కొంటారు. స్పీకర్ల దగ్గరికి వచ్చేసరికి చేతిలో డబ్బు అయిపోతుంది. ఇంట్లో ఉన్న హోమ్ థియేటర్‌కే వైరు గుచ్చి పని కానిస్తారు. నేనూ అలా మొదలుపెట్టినవాణ్నే.

హోమ్ థియేటర్‌తో తంటా ఏమిటంటే, అది పెళ్లిళ్ల పేరయ్య. ఉన్నదానికి నాలుగు కలిపి చెబుతుంది. బేస్ కాస్త ఎక్కువ చేసి, పైన తళుకు కాస్త అద్ది, ఏ పాట వేసినా బాగుందనిపిస్తుంది. వినేవాడికి అది సుఖమే. పాట కలిపేవాడికి కావలసింది ఆ సుఖం కాదు. అబ్బాయికి అప్పులుంటే అప్పులున్నాయని చెప్పే మనిషి కావాలి. స్టూడియో మానిటర్ అనే పెట్టె పని అది. లోపలికి ఎంత వెళ్లిందో బయటికి అంతే చెప్పడం, తన సొంత కవిత్వం కలపకపోవడం. కొత్త జత కొనాలంటే మనలాంటి వాళ్లకు చాలా బరువు. అందుకే అందరి కళ్లూ పాతవాటి మీద పడతాయి.

నా మొదటి జత హైదరాబాదులో ఒకాయన దగ్గర కొన్నాను. పేరు మనకు అనవసరం. "స్టూడియోలో వాడినవన్నా, కళ్లు మూసుకుని తీసుకో" అన్నాడు. నేను నిజంగానే కళ్లు మూసుకుని తీసుకున్నాను. చెవులు కూడా మూసుకున్నానని తర్వాత తెలిసింది. ఇంటికి తెచ్చి మా వీధి పోలేరమ్మ కొలుపు కోసం ఒక పాట కలిపాను. డప్పు ఎంత పెంచినా గుండెకు తగలడం లేదు. ఇంకాస్త పెంచాను. తగల్లేదు. ఇంకాస్త పెంచి పాట ఇచ్చేశాను. కొలుపు రోజు ట్రాక్టరు మీద రెండు పెద్ద బేస్ పెట్టెలు కట్టి దాన్ని వేశారు. డప్పు పడ్డప్పుడల్లా పక్కింటి రేకులు అదిరిపోతున్నాయి. గొంతు ఎక్కడుందో ఆ పోలేరమ్మకే తెలియాలి. ట్రాక్టరు తోలే కుర్రాడు నా వైపు తిరిగి "ఏం మామా, పాట వేయించావా, బోరు వేయించావా?" అన్నాడు.

చివరికి తేలిందేమిటంటే, ఆ రెండు పెట్టెల్లో ఒకదాన్ని అంతకు ముందెవరో రిపేరు చేశారు. చేసి, బేస్ పలికే వూఫర్‌కు వెళ్లే ఎరుపు వైరూ నలుపు వైరూ తారుమారుగా అతికించారు. ఒక పెట్టె కోను ముందుకు వచ్చి గాలిని తోస్తుంటే, అదే క్షణంలో రెండోది వెనక్కి పోయి పీల్చుకుంటోంది. నా కుర్చీ దగ్గరికి వచ్చేసరికి దాన్ని ఇది కొట్టేసి బేస్ మాయమవుతోంది. లేని బేస్ కోసం నేను మీటలు తోసుకుంటూ పోయాను. బాగు చేయడానికి టంకం వేసే కడ్డీతో పది నిమిషాలు పట్టింది. పోయిన మర్యాద తిరిగి రావడానికి ఏడాది పట్టింది.

మా మేనమామ పలకల పనిలో ఉండేవాడు. మార్కాపురం పలక అంటే మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. అక్షరాలు దిద్దిన ప్రతి చేతికీ తెలుసు. ఆయన రాయిని కంటితో చూసి ఊరుకునేవాడు కాదు. ఒక చేత్తో అంచు పట్టుకుని, రెండో చేతి వేలి కణుపుతో టకీమని కొట్టేవాడు. ఖంగుమంటే ఒక పక్కకి, డొప్పుమంటే ఇంకో పక్కకి. లోపల వెంట్రుకంత బీట ఉన్నా, కంటికి కనిపించకపోయినా, పలుకులో పట్టుబడుతుంది. నా స్పీకర్ల కథ విని ఆయన అన్నది ఒక్కటే: "ఒరే అబ్బాయా, రాయిని కొట్టి చూసే ఊళ్లో పుట్టి, మోగే పెట్టెను మోగించకుండా కొన్నావంట్రా?"

రెండోసారి అందుకే ముందు కాస్త చదువుకున్నాను. అప్పుడు దొరికిన కథ ఒకటి మీకు చెప్పాలి. జపాన్ యమహా కంపెనీ 1978లో ఒక చిన్న స్పీకర్ తెచ్చింది. పేరు ఎన్‌ఎస్ 10. అకీరా నకమూరా అనే ఇంజనీరు దాన్ని ఇళ్లల్లో పుస్తకాల అరల మీద పెట్టుకోవడానికి చేశాడు. నల్ల పెట్టె, తెల్ల కాగితం కోను. ఇళ్లల్లో అది పెద్దగా నిలవలేదు. మధ్య స్వరాలు గట్టిగా ముందుకొచ్చి చెవిని గుచ్చుతాయి, బేస్ చాలదు. అలాంటి దాన్ని అమెరికాలో బాబ్ క్లియర్‌మౌంటెన్ లాంటి మిక్సింగ్ ఇంజనీర్లు తెచ్చి బల్ల మీద పెట్టుకున్నారు. దాని మీద బాగున్న పాట ఇంకెక్కడ వేసినా బాగుంటుందని వాళ్లకు గురి కుదిరింది. పై స్వరాలు పలికే ట్వీటర్ మరీ గుచ్చుతుంటే దాని మీద పల్చటి టిష్యూ కాగితం అతికించి పని చేసేవారు. ఎక్కడి కాగితం, ఎన్ని పొరలు అని దాని మీద వాదోపవాదాలు కూడా జరిగాయి. చివరికి కంపెనీయే 1987లో ట్వీటర్‌ను కాస్త మెత్తబరిచి, స్టూడియో అని పేరు పెట్టి అమ్మింది. 2001లో తయారీ ఆపేసింది. కోనుకు వాడే కాగితపు గుజ్జు దొరకడం లేదన్నది కారణం.

అదే ఏడాది ఇంగ్లండులో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంవాళ్లతో కలిసి ఫిలిప్ న్యూవెల్ అనే స్టూడియో నిర్మాణ నిపుణుడు ముప్పై పైచిలుకు మానిటర్లను ప్రతిధ్వని లేని గదిలో పెట్టి కొలిచాడు. ఎన్‌ఎస్ 10 గుట్టు అక్కడ బయటపడింది. దాని పెట్టెకు గాలి రంధ్రం లేదు, అన్ని వైపులా మూసినది. అందుకని డప్పు దెబ్బ పడగానే మోగి, దెబ్బ ఆగగానే ఆగుతుంది. సాగదీయదు. దానికి తియ్యదనం లేదు, చురుకు మాత్రం ఉంది. మన మృదంగం వాయించేవాళ్లకు ఈ మాట ఇంకో విధంగా తెలుసు. దెబ్బ కంటే దెబ్బ ఆపడం కష్టం.

ఈ కథ విని రేపే ఎన్‌ఎస్ 10 వెతుక్కుంటూ బయలుదేరకండి. పేరు వల్ల ధర పెరిగింది. తయారీ ఆగి ఇరవై ఏళ్లు దాటింది. లోపల వూఫర్ మార్చేసి, పైన పాత కంపెనీ పేరు ఉంచినవి తిరుగుతుంటాయి. పైగా దానికి ఆంప్లిఫయర్ విడిగా కావాలి. గిద్దలూరులో గదికి అది అలంకారం, పనిముట్టు కాదు. నా ఉద్దేశం అంతే, ఎవరైనా కోపగించుకుంటే కోపగించుకోండి. మనకు కావలసింది ఆంప్లిఫయర్ లోపలే ఉండి, విడిభాగాలు ఇంకా దొరికే, 5 అంగుళాల వూఫర్ ఉన్న మామూలు జత. యమహా హెచ్‌ఎస్ 5 కానీ, జేబీఎల్ 305 కానీ, అలాంటి తరగతివి. అవి ఎక్కడ దొరుకుతాయి? మన ఊళ్లలో అరుదు. హైదరాబాదు కృష్ణానగర్, యూసఫ్‌గూడ సందుల్లో చిన్న చిన్న డబ్బింగు గదులు, పాటల గదులు ఉన్నాయి. వాటిలో కొన్ని మూతపడుతుంటాయి, కొన్ని పెద్దవవుతుంటాయి. రెండు సందర్భాల్లోనూ పాత పెట్టెలు బయటికి వస్తాయి. మద్రాసులో వడపళని, సాలిగ్రామం వైపు కూడా అంతే. మన సినిమా పాటలు చాలావరకు ఒకప్పుడు అక్కడే రికార్డయ్యేవి కనుక అక్కడ సామాను చేతులు మారడం పాత అలవాటు. హైదరాబాదు కోఠీలోనూ, మద్రాసు రిచీ స్ట్రీటులోనూ ఎలక్ట్రానిక్స్ కొట్లవాళ్లు ఉంటారు కానీ, నాకు కొట్టువాడి కంటే వాడినవాడే ఇష్టం. వాడినవాణ్ని "ఎందుకు అమ్ముతున్నావు తమ్ముడూ?" అని అడగొచ్చు. జవాబు కంటే జవాబు చెప్పడానికి ఎంతసేపు పట్టిందో గమనించండి.

నా రెండో జత కృష్ణానగర్‌లో మూడో అంతస్తు గదిలో చూశాను. అమ్మే కుర్రాడు గుంటూరు వైపువాడు. పెట్టెలు ముందే ఆన్ చేసి, పెద్ద శబ్దంతో ఒక డీజే పాట వేసి ఉంచాడు. గది అదురుతోంది. "ఎలా ఉందన్నా సౌండ్?" అన్నాడు. నేను ఆపేయమన్నాను. శబ్దం పెరిగితే మన చెవికి బేస్ ఎక్కువగా, తళుకు ఎక్కువగా వినిపిస్తుంది. 1933లోనే బెల్ ప్రయోగశాలలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని కొలిచి గీతలు గీసి పెట్టారు. వాళ్ల సంగతి తెలియకపోయినా, గట్టిగా వేస్తే ఏ పెట్టె అయినా బాగుంటుందన్న సంగతి అమ్మేవాళ్లందరికీ తెలుసు. గేదెను అమ్మేవాడు సంతకు తోలుకొచ్చే ముందు రోజు పాలు పితక్కుండా ఉంచుతాడు చూడండి, పొదుగు నిండుగా కనిపించాలని. ఇదీ అదే.

ప్లగ్గు పీకేసి, ఫోను లైటు వేసి, ముందు కంటితో చూశాను. వూఫర్ చుట్టూ మెత్తటి అంచు ఉంటుంది. అది రబ్బరా, ఫోమా చూడాలి. ఫోమ్ అయితే పది పదిహేనేళ్లకు వేడికీ తేమకూ పాడైపోయి, ముట్టుకుంటే పాత అరిసెలా పొడి రాలుతుంది. రబ్బరు అయితే బతికి ఉంటుంది. తర్వాత స్క్రూల తలలు. స్క్రూ తల మీద గీతలున్నాయంటే ఎవరో విప్పారని అర్థం. విప్పడం నేరం కాదు. ఎందుకు విప్పావని అడగాలి. వెనక పక్క అడుగున చెక్క ఉబ్బిందేమో తడిమి చూశాను. ఆ చెక్క పొట్టును అదిమి చేసిన పలక. నీళ్లు తగిలితే రొట్టెలా పొంగుతుంది. మన ఊళ్లలో అయితే చెదలు కూడా చూడాలి.

ఆ పైన ఐదు వేళ్లూ విప్పి, కోను మీద నాలుగు వైపులా సమంగా ఆనించి, చంటిబిడ్డ పొట్ట నొక్కినంత మెల్లగా లోపలికి తోశాను. మంచి కోను మెత్తగా వెళ్లి మెత్తగా వస్తుంది. లోపల కాయిల్ అయస్కాంతానికి రాసుకుంటుంటే సర్‌మని సన్నగా గీసిన చప్పుడు వస్తుంది, పలక మీద బలపం అడ్డంగా పడినట్టు. ఎక్కువ శబ్దానికి కాలిన కాయిల్‌కైనా, బస్సులో ఎత్తెత్తి పడేసి అయస్కాంతం జరిగిన పెట్టెకైనా ఈ చప్పుడు తప్పదు. కాయిల్ చుట్టించుకోవచ్చు, మన మైకు సెట్ల వాళ్లకు అది రోజూ పనే. కానీ చుట్టించిన వూఫర్ జతలో రెండోదానిలా పలకదు. ఊరేగింపు పెట్టెకు ఫరవాలేదు. మానిటర్‌కు ఫరవాలేదనడానికి వీల్లేదు.

అప్పుడు పాట ఏమీ వేయకుండా కరెంటు ఇచ్చి, చెవి దగ్గర పెట్టి విన్నాను. సన్నగా సస్‌మనే శబ్దం ఉంటే ఉండనీయండి. కొన్ని మోడళ్లకు అది పుట్టుకతో వచ్చినది, మూడడుగుల దూరంలో వినపడదు. గుయ్‌మని తుమ్మెదలా మోత వస్తుంటే మాత్రం ఆలోచించాలి. వైరు వల్లా, ఎర్తింగ్ వల్లా కావచ్చు, లోపల కెపాసిటర్లు ఎండిపోవడం వల్లా కావచ్చు. వైరు తీసేసినా మోత ఉంటే పెట్టెదే తప్పు. ఈ కెపాసిటర్లకు వేడి శత్రువు. పది డిగ్రీల వేడి పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్లు లెక్క కడతారు. మే నెలలో మన రేకుల గదుల్లో ఏళ్ల తరబడి ఆపకుండా నడిచిన పెట్టె వయసును తయారైన సంవత్సరం చూసి లెక్కపెట్టకండి.

వెనక మీటలు చూడటం చాలామంది మరచిపోతారు. హెచ్‌ఎస్ 5 వెనక గదికి తగ్గట్టు బేస్ తగ్గించే మీట ఒకటి, పై స్వరాలను కాస్త పెంచి తగ్గించే మీట ఒకటి ఉంటాయి. ఆ కుర్రాడి హెచ్‌ఎస్ 5 పెట్టెల్లో ఒకదానికి బేస్ మీట సున్నా మీద, రెండోదానికి మైనస్ 4 మీద ఉంది. కావాలని చేశాడనుకోను. గోడ మూలకు ఆనుకున్న పెట్టెకు తగ్గించుకుని ఉంటాడు. రెండూ ఒకే చోటికి తెచ్చాకే అసలు వినడం మొదలైంది.

వినడానికి నేను పట్టుకెళ్లింది కొత్త పాటలు కాదు. 1957 నాటి మాయాబజార్‌లో ఘంటసాల పాడినది. ఎందుకంటే అది మోనో. ఇప్పటి రోజుల్లో రెండు పక్కలకూ సాగదీసి కొత్తగా చేసినది కాదు, పాతదే కావాలి. రెండు పెట్టెల్లోకీ అచ్చంగా ఒకే శబ్దం వెళుతుంది. పెట్టెలు నిజంగా జతే అయితే ఘంటసాల గొంతు ఎడమ నుంచీ రాదు, కుడి నుంచీ రాదు. రెండింటికీ మధ్య, ఏమీ లేని ఖాళీలో, ఎదురుగా ఎవరో నిలబడి పాడుతున్నట్టు వస్తుంది. ఒక పెట్టె ట్వీటర్ నీరసించినా, వూఫర్ మారినా ఆ మనిషి పక్కకు ఒరిగిపోతాడు. వైర్లు తారుమారైతే అసలు మనిషే ఉండడు, గొంతు గోడలంతా పాకుతుంది. నా మొదటి జతలో ఈ ఒక్క పాట వేసుకుని ఉంటే పోలేరమ్మ దగ్గర తల దించుకునే పని ఉండేది కాదు.

ఆ గదిలో ఘంటసాల కొద్దిగా ఎడమకు జరిగి పాడుతున్నాడు. పెట్టెలను అటుదిటు మార్చాం, వైర్లు ఎక్కడివి అక్కడే ఉంచాం. గొంతు మారకుండా ఎడమకే ఉంది. అంటే పెట్టెల తప్పు కాదు, వైరుదో సౌండ్ కార్డుదో. వైరు మార్చి చూస్తే ఆయన మధ్యకు వచ్చి నిలబడ్డాడు. ఆ కుర్రాడు నోరు తెరిచి నా వంక చూశాడు. రెండేళ్లుగా ఆ వైరుతోనే పాటలు కలుపుతున్నాడట పాపం. తర్వాత రెండు పెట్టెలనూ జానెడు దూరంలో ఎదురెదురుగా పెట్టి ఒక బేస్ స్వరం వేశాం. బేస్ నిండుగా ఉంటే వైరింగ్ సరే, పల్చబడిపోతే తారుమారు. చివరగా 30 హెర్ట్జ్ నుంచి మొదలై మెల్లగా పైకి పోయే స్వరం వేసి, ఎక్కడైనా మర జారి గలగలమంటోందేమో విన్నాం. ఈ మొత్తానికి గంటన్నర పట్టింది. అంతసేపు నడిచాక పెట్టె వెనక రేకు గోరువెచ్చగా ఉంటే మంచిదే. చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే వద్దు.

ఇక బేరం. మా తాతల కాలంలో పశువుల సంతలో తువ్వాలు కింద చేతులు పెట్టుకుని వేళ్లు పట్టుకుని ధర చెప్పుకునేవారు. పక్కవాడికి తెలియకూడదని. ఇప్పుడు కొత్త ధర ఫోనులో అందరికీ కనిపిస్తుంది కనుక దాచేదేమీ లేదు. కొత్త జత 30 వేలు అనుకుందాం. ఒక చెయ్యి మారి, అన్ని పరీక్షలూ నెగ్గిన జతకు నేను సగం, మహా అయితే రూపాయికి అరవై పైసల వంతు ఇస్తాను. మర విప్పిన గుర్తులుంటే ఇంకా తగ్గాలి. ఒక వూఫర్ మార్చినదైతే ఎంత తక్కువకిచ్చినా వద్దు. "ఒక్కటే ఉందన్నా, రెండోది ఎక్కడైనా చూసుకో" అన్నదానికి విలువ లేదు, జోడెడ్ల బండికి ఒక్క ఎద్దును కట్టలేం. పెట్టె పాడైతే దాని ట్వీటరూ, పవర్ బోర్డూ ఇంకా దొరుకుతాయా అన్నది కూడా ధరలో భాగమే. తయారీ ఆగిన మోడల్‌కు ఒక్క బోర్డు కాలితే మొత్తం జత పాత ఇనుము కొట్టుకే.

అమెరికా బావమరుదుల గురించి ఒక మాట. సెలవులకు వస్తూ ప్రేమగా ఒక జత పట్టుకొస్తారు. వెనక చీటీ మీద 120 వోల్టులు అని ఉంటుంది. మన గోడలో ఉన్నది 230. వోల్టేజి మార్చుకునే మీట ఉందా, రెండూ తట్టుకునే రకమా చూడకుండా గుచ్చారో, ఒక్క టప్ శబ్దంతో ప్రేమంతా పొగవుతుంది. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు, అప్పుడు దాని మోత ఇంకొకటి. ఇక్కడ అలాంటి పెట్టె ఎవరైనా అమ్మజూపితే ఆ చీటీ చదివాకే బేరమాడండి.

బేరం తెగాక తీసుకురావడం. శ్రీశైలం మీదుగా దోర్నాల దిగి మార్కాపురం వచ్చే బస్సెక్కాను. రాత్రిపూట అడవి గేటు వేస్తారు కనుక పొద్దున్నే బయలుదేరాలి. ఘాటు మలుపుల్లో బస్సు డిక్కీలో పెట్టె దొర్లితే అయస్కాంతం జరగడం ఖాయం. నేను రెండు దుప్పట్లలో చుట్టి, కోనులు ఒకదానికొకటి తగలకుండా మధ్య గట్టి అట్ట పెట్టి, ఒడిలో ఒకటి, కాళ్ల మధ్య ఒకటి పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీటు పెద్దాయన "పావురాలా నాయనా?" అని అడిగాడు.

ఇంటికొచ్చాక అసలు శత్రువు ఎదురైంది. నా గది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, కింద నాపరాళ్లు, పైన స్లాబు. ఎదురెదురు గోడల మధ్య దూరానికి సరిపడే స్వరం ఒకటి ఆ గదిలో చిక్కుకుని ఊగుతుంది. పదడుగులకు అది దాదాపు 56 హెర్ట్జ్. పొడవూ వెడల్పూ ఒకటే అయితే అదే స్వరం రెండు వైపుల నుంచీ బలపడుతుంది. డీజే పాటల్లో కిక్ దెబ్బ సరిగ్గా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. గది మధ్యలో కూర్చుంటే అది మాయం, గోడకు ఆనుకుంటే వరద. లక్ష రూపాయల పెట్టె పెట్టినా గది చెప్పే అబద్ధం గదిదే. 5 అంగుళాల పెట్టె ఎందుకు చాలంటున్నానో ఇప్పుడు చెబుతాను. హెచ్‌ఎస్ 5 కిందికి 54 హెర్ట్జ్ దాకా దిగుతుంది, 8 అంగుళాల హెచ్‌ఎస్ 8 అయితే 38 దాకా. మన పదడుగుల గదికి ఆ పెద్దది తెచ్చామంటే, గది మోయలేని బరువును గదిలోకి తెచ్చినట్టే.

గుడ్డపేలికల పరుపులు, గోనె సంచులు గోడకు కడితే సరిపోతుందనుకుంటారు. వాటికి పై స్వరాలు చిక్కుతాయి. 56 హెర్ట్జ్ వాటిని లెక్కచేయదు. నేను చేసింది ఇంతే. మూలల్లో నేల నుంచి పైకప్పు దాకా బూరుగు దూది కుక్కిన లావుపాటి బస్తాలు నిలబెట్టాను. బల్లను గోడకు దూరం జరిపాను. ఒక్కో పెట్టె కింద ఇసుక మూట, దాని మీద మేనమామ ఇచ్చిన మందపాటి పలక రాయి, దాని మీద పెట్టె, ట్వీటర్ చెవి ఎత్తుకు వచ్చేలా. రెండు పెట్టెలూ నా తలా కలిసి సమ త్రిభుజం. ఖర్చు ఐదు వందలు దాటలేదు. గదిలో ఊగే స్వరం బస్తాల వల్ల పూర్తిగా పోలేదు, లొంగింది.

ఈ మాటలు మీరు ఏ రేడియోలో వింటున్నారో నాకు తెలియదు. దాని స్పీకర్ బహుశా మూడు నాలుగు అంగుళాలు ఉంటుంది. నా గొంతులో బరువంతా దానిలోకి పట్టదు, అయినా మాట తెలుస్తోంది కదా. మన పాటలు చేరేదీ ఇలాంటి చోట్లకే. ఆటోలో వెనక సీటు కింద పెట్టె, చెయ్యి జారిపడి పగిలిన ఫోను, గుడి మీద అహూజా మైకు బాకా. ఆ బాకా కింది స్వరాలను పెద్దగా పలకదు. బేస్ మీద ఆధారపడి డప్పు కలిపితే గుడి మీద డప్పే ఉండదు. డప్పు చర్మం మీద పుల్ల పడే చిటికె శబ్దం కూడా పాటలో ఉండాలి. అప్పుడు బాకాలో చిటికె, ట్రాక్టరు మీద గుండె. 1970లలో అమెరికా స్టూడియోల్లో ఆరాటోన్ అనే జానెడు చదరపు పెట్టె ఇందుకే పెట్టుకునేవారు, ఒక్కటే కోను, అంతా మధ్య స్వరాలే. మనకు ఆ పేరు అక్కర్లేదు. పాత రేడియో స్పీకరు ఒకటి బల్ల పక్కన ఉంటే చాలు. నేను పాట కలపడం మానిటర్ మీద చేసి, గొంతు ఎక్కడ నిలబడిందో దాని మీద చూసుకుంటాను. తర్వాత ఫోనులో వేసుకుని తర్లుపాడు ఆటో ఎక్కుతాను. డ్రైవరు ఏమీ అనకుండా పాట మార్చేస్తే తిరిగి గదిలోకి వెళతాను.

మరుసటి ఏడాది కొలుపు వచ్చింది. అదే ట్రాక్టరు, అవే రెండు బేస్ పెట్టెలు, అదే కుర్రాడు. నేను వీధి చివర అరుగు మీద కూర్చుని, పక్కింటి రేకుల వంక చూస్తున్నాను. పాట మొదలైంది. గొంతు వినపడింది, కింద డప్పు నడిచింది. రేకులు కదల్లేదు. పాట అయిపోయింది. ఆ కుర్రాడు నా వైపు చూడలేదు, ఏమీ అనలేదు. ఫోను తీసి, అదే పాట మళ్లీ మొదటి నుంచి వేశాడు.